కదిరప్ప గేర్ బాక్స్ ఖాళీ చేసిన రోజు

పుంగనూరులో మదనపల్లె రోడ్డు పట్టుకుని ఊరు దాటబోయే చోట, ఎడమ చేతి పక్క రేకుల షెడ్డు ఒకటి ఉంది. దానికి బోర్డు లేదు. ముందున్న నేలంతా నల్లగా, నున్నగా, వాన కురిసినా నీళ్ళు ఇంకకుండా ఉంటుంది కాబట్టి బోర్డు అవసరం కూడా లేదు. అది కదిరప్ప షెడ్డు.

కదిరప్ప ఇంజిన్లు విప్పడు, టింకరింగ్ చెయ్యడు, పంక్చర్ వెయ్యమంటే పక్క షెడ్డు చూపిస్తాడు. పికప్ బండ్లకు ఆయిల్ మారుస్తాడు. మనిషి సన్నగా, కాస్త వంగి ఉంటాడు. రెండు చేతుల గోళ్ళూ ఎప్పుడూ నల్లగా ఉంటాయి. పెళ్ళి పందిట్లో కూడా ఆ చేతుల్ని పంచె మడతల్లో దాచుకుని కూర్చుంటాడు. ఆయన భార్య అక్కమ్మ, "మా ఇంట్లో నాకు ముందర ఆయిల్ డబ్బాను పెండ్లి చేసుకోని వచ్చినాడు" అని అందరికీ చెబుతుంది. ఆయన కాదనడు.

నాకు మదనపల్లె టమోటా మార్కెట్‌లో మండీ ఉంది. మా బండ్లన్నీ కదిరప్ప చేతి కిందివే. నాకు ఓపిక తక్కువని ఇంట్లోవాళ్ళూ, మండీ హమాలీలూ ఒకే మాటగా అంటారు. దయ్యాలంటే నాకు నమ్మకం లేదు, వాటి గురించి మాట్లాడేవాళ్ళంటే ఒళ్ళుమంట. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నా మీద నాకే కోపం వస్తుంది. చూసినదాన్ని చూడలేదని ఎలా చెప్పను?

బండి తీసుకుని పోతే కదిరప్ప ముందు బండిని చూడడు. "ఎంత లోడెత్తతావు? ఏ దావన పోతావు? తోలేది ఎవురు?" అని అడుగుతాడు. బి.కొత్తకోట నుంచి మార్కెట్‌కు మాత్రమే తిరిగే బండికి ఒక రకం, పలమనేరు మీదుగా కుప్పం దాకా పోయి ఘాట్లు ఎక్కిదిగే బండికి ఒక రకం. ఇంజిన్ ఆయిల్ వేరు, గేర్ బాక్స్ ఆయిల్ వేరు, వెనక చక్రాల మధ్యనుండే క్రౌన్ హౌసింగ్‌కు పోసేది వేరు. చాలామంది డ్రైవర్లు క్రౌన్‌కు తెచ్చిన చిక్కటి ఆయిలే గేర్ బాక్స్‌లోనూ పోసేస్తారు. చిక్కగా ఉంటే గట్టిగా ఉంటుందని వాళ్ళ లెక్క. ఆ మాట వింటే చాలు, కదిరప్పకు ఎక్కడలేని కోపమూ వస్తుంది. "క్రౌన్‌లో ఉండేది ఉత్త ఇనుము. గేర్ బాక్స్‌లో ఇత్తడి రింగులుంటాయి. ఆ ఆయిల్‌లో ఉండే మందు ఇత్తడిని తినేస్తాది. రింగు అరిగిపోతే గేరు నిలబడదు. మెల్లగా తింటాది, సప్పుడు లేకుండా తింటాది" అని ఆయన చెప్పగా నేనే ఎన్నోసార్లు విన్నాను.

ఆయనకో అలవాటు ఉండేది. పాత ఆయిల్ దించేటప్పుడు పూర్తిగా కారనిచ్చేవాడు కాదు. ధార సన్నబడి దారంలా అయ్యే వేళకు బోల్టు బిగించేసేవాడు. టీ గ్లాసుడు పాత ఆయిల్ అడుగున ఉండిపోయేది. "ఇదేమన్నా పెరుగా, తోడు పెట్టేదానికి?" అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నాన్న ఎద్దులబండ్ల ఇరుసులకు కందెన పెట్టేవాడట. పాత కందెన రవ్వంతైనా మిగల్చకుండా తుడిస్తే ఇరుసు కొత్తదాన్ని ఒప్పుకోదని ఆ పెద్దాయన నమ్మకం. కొడుకు ఆ నమ్మకాన్ని పికప్ బండ్ల దాకా తెచ్చాడు. దానివల్ల ఏ బండీ చెడిపోలేదు కాబట్టి నేనూ పెద్దగా పట్టించుకోలేదు.

సదుం దగ్గర పల్లెలో వెంకటేశులు అని ఒక రైతు ఉండేవాడు. సొంత చేను, సొంత పికప్. టమోటా కోత లేని రోజుల్లో మా మండీ సరుకు కుప్పానికి తోలేవాడు. మెత్తటి చెయ్యి ఆయనది. గేరు మారిస్తే పక్కన కూర్చున్నవాడికి తెలిసేది కాదు. ఒకే ఒక్క చెడ్డ అలవాటు, దిగుడు వస్తే బండిని న్యూట్రల్‌లోకి తోసేసేవాడు. డీజిల్ మిగులుతుందని. న్యూట్రల్‌కు వేశాక లివర్ తలకాయ మీద చూపుడు వేలితో టిక్ టిక్‌మని రెండుసార్లు తట్టి, "పో నాయనా, పో" అనేవాడు. లోడు బండిని గేర్‌లో దించితే ఇంజినే పట్టి ఆపుతుంది. న్యూట్రల్‌లో దించితే బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకులు కాలిపోతే పట్టేవాడు లేడు. ఈ మాట కదిరప్ప మొత్తుకున్నాడు, నేనూ తిట్టాను. నవ్వేసేవాడు.

వి.కోట దాటాక కుప్పం దావలో రోడ్డు కొంత దూరం అడవిలో పోతుంది. అక్కడొక పొడుగాటి దిగుడు, దిగుడు చివర మలుపు, మలుపులో నల్లటి బండరాతి గుండు ఉన్నాయి. వెంకటేశులు బండి ఆ గుండుకు కొట్టుకుంది. బండికి ముందు భాగమే పోయింది. మనిషి దక్కలేదు. బ్రేకులు కాలిన వాసన సాయంత్రం దాకా అక్కడే ఉందని చూసినవాళ్ళు చెప్పారు.

బండి బాగై వచ్చాక దాన్ని కూతురు భార్గవి తోలడం మొదలుపెట్టింది. మదనపల్లెలో డిగ్రీ చదివిన పిల్ల. చిన్నప్పటి నుంచి సెలవొస్తే నాన్న పక్క సీట్లో కూర్చుని కుప్పం దాకా పోయి వచ్చేది. ఆడపిల్ల పికప్ తోలడమేమిటని ఊళ్ళో నలుగురూ నాలుగు మాటలన్నారు. ఆ పిల్ల ఒక్కదానికీ బదులివ్వలేదు. మా మండీ సరుకు నేను ఆ బండికే ఇచ్చాను.

మొదటిసారి ఆయిల్ మార్చడానికి భార్గవితోపాటు వాళ్ళమ్మ తులసమ్మ కూడా వచ్చింది. నేను షెడ్డులోనే ఉన్నాను. ఇంజిన్ ఆయిల్ నల్లగా కారుతుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. కదిరప్ప గేర్ బాక్స్ వైపు జరగ్గానే ఒక్క అడుగు ముందుకు వేసింది.

"కదిరప్పన్నా, దాని జోలికి మాత్రం పోవద్దన్నా. అది ఆయప్ప తన సేత్తో పోసిన ఆయిల్."

"ఏ ఆయిల్ పోసినాడమ్మా?"

"క్రౌన్‌కు తెచ్చిందే మిగిలుంటే పోసినాడు. పోయేదానికి నెల ముందర. ఇంట్లోనే, వాకిట్లో పండుకోని పోసినాడు. గుడ్డలు, చెప్పులు అన్నీ కాల్చేసినాం. ఆయప్ప సెయ్యి తగిలింది అదొకటే మిగిలుండాది."

కదిరప్ప నా వైపు చూశాడు. ఇత్తడి రింగుల సంగతి ఆయన నోటి దాకా వచ్చి ఉంటుంది. చెప్పలేదు. "సరేమ్మా, వచ్చే తూరి సూద్దాం" అన్నాడు. సీలు దగ్గర కొంచెం కారుతున్నదని చూసి, తగ్గినంత మళ్ళీ అదే చిక్కటి ఆయిల్ పోసి నింపాడు. ఆమె ముందు వేరే డబ్బా తెరవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. జాలి పడ్డాడు. ఆ పరిస్థితిలో నేనైనా జాలే పడేవాణ్ణి, అదే మా తప్పు.

వచ్చేసారి, ఆ పై వచ్చేసారి కూడా అలాగే జరిగింది.

ఒకరోజు మధ్యాహ్నం భార్గవి ఒక్కతే వచ్చింది. బండి ఆపి, దిగకుండా స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చుంది. కదిరప్ప దగ్గరికి పోయాడు.

"మామా, గేరు జారతాండాది."

"ఏ గేరు? యాడ?"

"మూడో గేరు. నాయన పోయిన దిగుట్లో."

"మిగతా యాడన్నా జారిందా? యేరే దావన పోయినప్పుడు, మొగిలి ఘాట్ కాడ?"

"లేదు మామా. ఆడొక్క సోటే. మూడోదాంట్లో దిగతాంటా, లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకొచ్చేస్తాది. మళ్ళా ఏస్తే మళ్ళా వస్తాది. గట్టిగా పట్టుకుంటే ఎవురో ఎదురు పట్టినట్ల ఉంటాది." కాస్త ఆగి, "మాయమ్మకు సెప్పొద్దు" అంది.

కదిరప్ప ఆ సాయంత్రమంతా బండి కిందే ఉన్నాడు. లివర్ బుష్షులు చూశాడు, స్ప్రింగు చూశాడు, గేర్ బాక్స్ పట్టి ఉంచే రబ్బర్లు చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను నా చిరాకు కొద్దీ, "పిల్ల భయపడి ఉంటుంది, నాన్న చనిపోయిన చోటు కదా" అన్నాను. ఆయన బండి కింద నుంచి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, "బయ్యపడే పిల్ల అయితే ఆ దావన ఇన్ని తూర్లు పోతుందా శేఖరప్పా?" అన్నాడు.

మరుసటి లోడుకు మేమిద్దరం బండెక్కాం. భార్గవి స్టీరింగ్ దగ్గర, కదిరప్ప మధ్యలో లివర్ పక్కన, నేను కిటికీ వైపు కూర్చున్నాం. వెనక నిండా టమోటా క్రేట్లు. పలమనేరు దాటాం, వి.కోటలో టీ తాగాం. దారిలో ఎన్ని ఎత్తులు దిగినా గేరు చెక్కు చెదరలేదు. నేను భార్గవిని ఆటపట్టించాను కూడా. ఆ పిల్ల నవ్వలేదు.

అడవిలోకి వచ్చేసరికి నడి మధ్యాహ్నం. ఎండ నిలువునా పడుతోంది. ఏనుగులు తిరిగే చోటు, మెల్లగా పొండి అని బోర్డు ఉంది. రోడ్డు పక్కన పచ్చి పేడ కూడా ఉంది, ఏనుగు మాత్రం లేదు. ఒక్క పిట్ట కూయడం లేదు. దిగుడు మొదట్లోనే భార్గవి మూడో గేర్‌కు వేసి చెయ్యి తీసి స్టీరింగ్ మీద పెట్టుకుంది. "సూడు మామా" అంది.

గేరు జారడం నాకు తెలుసు. నా పాత బండికి జారేది. ఠక్కుమని ఎగిరి వస్తుంది, లివర్ అదిరిపోతుంది. ఇది అలా రాలేదు. లివర్ మెల్లగా కదిలింది. క్లచ్ తొక్కినప్పుడు వచ్చినంత మెత్తగా, గేరుకు నొప్పి కలగకుండా చూసుకునే మనిషి తీసినట్టు మధ్యలోకి వచ్చి ఆగింది. ఇంజిన్ మోత ఒక్కసారిగా తగ్గిపోయింది. టైర్ల చప్పుడు, గాలి చప్పుడు మాత్రమే వినిపిస్తున్నాయి.

అప్పుడు లివర్ తలకాయ టిక్ టిక్‌మని రెండుసార్లు అదిరింది.

కదిరప్ప తన మోకాళ్ళను నా వైపు లాక్కున్నాడు. ఆయన భుజం నా భుజానికి ఒత్తుకుంది. బండి వేగం అందుకుంటోంది. భార్గవి క్లచ్, బ్రేకు తొక్కుతూ, రెండు చేతులతో లివర్‌ను మూడోదాంట్లోకి నెట్టి అక్కడే అదిమిపట్టింది. కదిరప్ప మీదుగా వంగి స్టీరింగ్ నేను పట్టుకున్నాను. మలుపులో నల్లగుండు దగ్గరికి వచ్చినప్పుడు దాని మీద ఇంకా వెంకటేశులు బండి తెల్ల పెయింట్ గీత కనిపించింది. దాన్ని దాటాక లివర్ దానంతటదే వదులైంది. కాలిన బ్రేకుల వాసన కుప్పం దాకా మాతోనే వచ్చింది.

కుప్పంలో సరుకు దించే దగ్గర కదిరప్ప బండి కిందికి దూరి గేర్ బాక్స్ పక్కనున్న బోల్టు విప్పి వేలు పెట్టి తీశాడు. వేలు ఎండలోకి పట్టుకుని చూపించాడు. నల్లటి ఆయిల్‌లో సన్నటి బంగారు రంగు పొడి మెరుస్తోంది.

"ఇత్తడి" అన్నాడు. "రింగులు అరిగిపోతాండాయి. నేను నింపిందే. నేనే తినిపిస్తాండా."

"అంటే ఇది అరుగుడే కదా? దీనికీ దానికీ..." అన్నాను. నాకు ఆ మాట దొరకడమే ఊరటగా ఉంది.

"అరుగుడే అయితే మొగిలి ఘాట్‌లో కూడా జారాల గదా" అన్నాడు ఆయన.

అక్కడి నుంచి నేరుగా సదుం దావ పట్టాం. తులసమ్మ వాకిట్లో కూర్చుని టమోటాల్లో పచ్చివీ పండినవీ వేరు చేస్తోంది. కదిరప్ప మొత్తం చెప్పాడు. లివర్ కదిలిన సంగతి చెప్పినప్పుడు ఆమె చేతిలోని టమోటా కింద పెట్టలేదు. తట్టిన సంగతి చెప్పినప్పుడు పెట్టింది.

"రెండు తూర్లు తట్టిందా?"

"రెండు తూర్లమ్మా."

ఆమె ముఖంలోకి వచ్చిన వెలుగు చూసి నాకు భయమేసింది. భర్త ఊరి నుంచి వస్తున్నాడని కబురు విన్న మనిషిలా ఉంది. "ఉండాడన్నమాట" అంది మెల్లగా. "నేను అనుకుంటానే ఉండా. ఇప్పుడు తీసేయమంటే ఎట్లన్నా? తీసేస్తే ఆయప్ప యాడికి పోతాడు?"

నాకు ఓపిక తక్కువని ముందే చెప్పాను. "బిడ్డ కావాల్నా తల్లీ, ఆయిల్ కావాల్నా?" అని గట్టిగా అరిచేశాను. పక్కింటి వాళ్ళు బయటికి వచ్చి చూశారు. భార్గవి, "అన్నా, ఊరుకో" అంది. తులసమ్మ నన్ను తిట్టలేదు. కూతురి చేతుల వైపు చూసింది. లివర్ పట్టిపట్టి ఆ పిల్ల అరచెయ్యి కమిలి ఉంది.

"రేపు నేను వస్తా బండిలో" అంది. "నా కండ్లతో సూసినాంక సెప్తా."

ఆ రెండో ప్రయాణానికి కదిరప్ప ముందు కూర్చోనన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. వెనక క్రేట్ల మధ్య తలకు తువ్వాలు కట్టుకుని నిలబడ్డాడు. లివర్ పక్కన మధ్యలో తులసమ్మ కూర్చుంది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, చేతిలో చిన్న గుడ్డ మూటతో వచ్చింది. మూటలో ఏముందో దారిలో చూశాను. వెంకటేశులుకు ఇష్టమని వేయించిన శెనక్కాయలు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

అదే వేళకు, అదే ఎండలో దిగుడు వచ్చింది. భార్గవి మూడో గేర్‌కు వేసి చెయ్యి తీసింది. మేం ముగ్గురం లివర్ వైపే చూస్తున్నాం. అది కదిలింది. తులసమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. లివర్ మధ్యలోకి వచ్చి ఆగింది, ఇంజిన్ మోత తగ్గిపోయింది, తలకాయ రెండుసార్లు అదిరింది.

ఆమె చెయ్యి చాచి లివర్ మీద పెట్టింది. పెట్టగానే చిన్నగా ఉలిక్కిపడింది గాని చెయ్యి తీయలేదు. మాట్లాడటం మొదలుపెట్టింది, ఇంట్లో అన్నం పెడుతూ మాట్లాడినట్టు, మామూలు గొంతుతో.

"ఏమప్పా, బాగుండావా? శెనక్కాయలు తెచ్చినా." బండి వేగం అందుకుంటోంది. భార్గవి బ్రేకు తొక్కుతోంది, వాసన మొదలైంది. "ఇదిగో సూడు, బిడ్డ తోలతాండాది. నువ్వు గాదు తోలేది. దానికి డీజిల్ మిగల్సొద్దు. నువ్వు మిగిల్చింది సాలు." మలుపు కనిపిస్తోంది. "సెయ్యి తియ్యప్పా. బిడ్డ సేతులు సూడు ఎట్ల కమిలినాయో. తియ్యి."

లివర్‌ను మూడోదాంట్లోకి నెట్టడానికి ఆమె బలం చాలలేదు. నేను సాయం పట్టబోతే, "నువ్వు ముట్టుకోవద్దన్నా" అంది. భార్గవి క్లచ్ తొక్కి పట్టగా, తులసమ్మ మోకాళ్ళు ఆనించి, రెండు చేతులతో, పళ్ళు బిగించి నెట్టింది. ఇంజిన్ మళ్ళీ అరిచింది, బండి వేగం తగ్గింది. మలుపు దాటేదాకా ఆమె అలాగే పట్టుకుని ఉంది. దాటాక కూడా చెయ్యి తీయలేదు.

కొంచెం దూరం పోయాక తన అరచెయ్యి చూసుకుని, "సల్లగా ఉండాది" అంది. ఎవరితో అందో నాకు తెలియలేదు. ఆ తర్వాత ఏడ్చింది. చాలా ఏడ్చింది. కుప్పం వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

తిరిగి వచ్చి బండి నేరుగా పుంగనూరు షెడ్డులో ఆగాక తులసమ్మ దిగి, "తీసేయన్నా. మొత్తం తీసేయి" అంది.

అంత దూరం తిరిగి వచ్చిన బండి గేర్ బాక్స్ ఆయిల్ చెయ్యి కాల్చేంత వేడిగా ఉండాలి. కదిరప్ప అందుకే గుడ్డ చుట్టుకుని బోల్టు విప్పాడు. ధార పడగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తర్వాత గుడ్డ తీసేసి, ఉత్త వేళ్ళు ధారలో పెట్టి, నన్ను పిలిచాడు. నేను కూడా పెట్టాను. బావి నీళ్ళలాగా చల్లగా ఉంది. పక్కన చెయ్యి ఆనిస్తే గేర్ బాక్స్ మాత్రం కాలిపోతోంది.

నల్లటి ఆయిల్ బంగారు పొడి తిప్పుకుంటూ బేసిన్‌లోకి దిగింది. ధార సన్నబడి దారమైంది. ఎప్పుడూ ఆ వేళకు కదిరప్ప చెయ్యి బోల్టు మీదికి పోయేది. ఆరోజు పోలేదు. దారం చుక్కలయ్యేదాకా, చుక్కలు ఆగేదాకా బండి కింద వెల్లకిలా పడుకుని చూస్తూ ఉన్నాడు. ఆ తర్వాత డీజిల్ పోసి కడిగాడు, మళ్ళీ కడిగాడు. వాళ్ళ నాన్న మాట, తన అలవాటు రెండూ ఆ బేసిన్‌లోనే పోయాయి. ఆ తర్వాతే ఇత్తడిని తినని పలచటి ఆయిల్ డబ్బా తెరిచి నింపాడు. అరిగిన రింగులు మార్చడానికి మదనపల్లె షెడ్డుకు కూడా పంపించాడు.

దించిన ఆయిల్‌ను ఏం చెయ్యాలన్నది ఒక్కటే మిగిలింది. తులసమ్మ ఆ దిగుట్లో, గుండు దగ్గర పోసి వద్దామంది. కదిరప్పకు అంత బాధలోనూ కోపం వచ్చింది. "రోడ్డు మింద ఆయిల్ పోస్తే ఇంకొకడు జారి సస్తాడమ్మా! ఇంటికి తీసకపో. వాకిలి కొయ్యలకు పూసుకో, సెదలు పట్టవు." ఆమె డబ్బా మూత గట్టిగా బిగించుకుని తీసుకుపోయింది. నిజంగానే వాకిలికి పూసింది. సదుం పోయినప్పుడు చూశాను. గుమ్మం నల్లగా ఉంటుంది, పొద్దు వాలే వేళ కొయ్య సందుల్లో కొంచెం మెరుస్తుంది. ఆ ఇంటి గుమ్మం నేను చెయ్యి ఆనించకుండా దాటుతాను.

రింగులు మార్చాక భార్గవి కుప్పం పోయి వచ్చింది. షెడ్డు ముందు బండి ఆపింది. నేనూ కదిరప్పా ఎదురు వెళ్ళాం.

"జారిందా?" అని అడిగాను నేనే ముందు.

"లేదన్నా. లివర్ కదల్లేదు."

కదిరప్ప పెద్దగా ఊపిరి వదిలాడు. దేవుడికి దండం పెట్టుకోవాలని చేతులు ఎత్తబోయాను. భార్గవి మాత్రం బండి దిగలేదు. తన ఎడమ చెయ్యి తిప్పి చూసుకుంటోంది.

"లివర్ కదల్లేదు మామా" అంది మళ్ళీ. "నా సెయ్యే పోయింది. దిగుడు మొదలు కాంగానే నా సెయ్యి పోయి న్యూట్రల్‌కేసింది. నేను ఎయ్యాలనుకోలేదు. ఏసినాంక, తలకాయ మింద ఏలితో తట్టినా. తట్టినప్పుడు ఆ సప్పుడు ఇని తెలిసింది, తట్టింది నేనేనని."

చిన్నప్పుడు ఎన్ని సెలవులు ఆ పిల్ల ఆ సీట్లో కూర్చుని ఆ చెయ్యినే చూసి ఉంటుందో నేను ఆలోచించాను. అలా ఆలోచిస్తే కాస్త ధైర్యం వస్తుందని ఆలోచించాను. రాలేదు. కదిరప్ప ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు, మణికట్టు దాకా తడిమాడు, ఏదో బోల్టు ఉంటుందన్నట్టు.

"మీయమ్మకు సెప్పు" అన్నాడు చివరికి. "దాయొద్దు. మీయమ్మకే సెప్పు."

అప్పటి నుంచి తులసమ్మ ప్రతి కుప్పం లోడుకూ బండిలో పోతుంది. చేను కౌలుకిచ్చేసింది. వి.కోట దాటి అడవి మొదలుకాగానే కూతురు మూడో గేర్‌కు వేస్తుంది, తల్లి ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టి లివర్‌కు అదిమిపడుతుంది. దిగుడు అయిపోయేదాకా ఆ చెయ్యి తియ్యదు. ఒక్కోసారి తన చేతి కింద కూతురి వేలు లేవబోతుందని, అణచి పట్టుకుంటే ఆగిపోతుందని ఆమె కదిరప్పకు చెప్పింది.

మొన్న ఆ బండి మళ్ళీ ఆయిల్‌కు వచ్చింది. నా బండి వంతు తర్వాతది కాబట్టి నేను అక్కడే కూర్చుని ఉన్నాను. కదిరప్ప ఇప్పుడు ఏ బండిలోనూ పాత ఆయిల్ మిగల్చడు. చివరి చుక్క దాకా కారనిస్తాడు, పక్కన బండ్లు హారన్లు కొట్టినా వినడు. చుక్కలు ఆగాక బయటికి వచ్చి, టీ తాగి పోదువు దిగమ్మా అని తులసమ్మను పిలిచాడు. ఆమె దిగలేదు. భార్గవి స్టీరింగ్ మీద తల ఆనించి అలసటకు నిద్రపోతోంది. ఇంజిన్ ఆపి చాలాసేపైంది, బండి చదును నేల మీద నిలబడి ఉంది. తులసమ్మ చెయ్యి మాత్రం లివర్ మీద, కూతురి చెయ్యి మీద, అలాగే ఉంది.

"ఇక్కడ దిగుడు లేదు కదమ్మా" అన్నాను నేను.

"నిద్దట్లో గూడా లేస్తాందన్నా ఏలు" అంది ఆమె.

కదిరప్ప టీ గ్లాసు తీసుకుపోయి కిటికీ దగ్గర ఆమె నోటికి అందించాడు. ఆమె చెయ్యి తియ్యకుండానే తాగింది.